పాలపిట్టకు రంగు, భరతపిట్టకు పాట: ఇది లోకమంతటికీ వర్తించే లెక్కేనా?

కూడేరు అమ్మాయి, అనంతపురం

అందరికీ నమస్కారం.

అనంతపురంలో జంతుశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి ఎనిమిది నెలలవుతోంది. మాది కూడేరు దగ్గర పల్లె. నాన్న వేరుశనగ, కంది వేస్తారు. ఒక ప్రశ్న కొన్నాళ్ళుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. పక్షుల సంగతి తెలిసినవారు, లెక్కలు తెలిసినవారు, ఊరికే చెట్టు కింద నిలబడి వినేవారు, ఎవరైనా సరే మీ మాట చెప్పండి.

పోయిన దసరాకు ముందు మా చేని గట్టు మీద, కరెంటు తీగ కింద పాలపిట్ట ఈక ఒకటి పడి ఉంది. అరచేతిలో పెట్టుకుంటే నీలం మెరిసిపోతోంది. అదే ఈకను ఎండకు అడ్డంగా ఎత్తిపట్టి, వెలుతురు దాని గుండా వచ్చేలా చూస్తే నీలం లేదు, వట్టి మట్టిరంగు. చెయ్యి దించితే మళ్ళీ నీలం. పదిసార్లు అలా ఎత్తి దించి చూసి, ఈకను గట్టు మీదే వదిలి వచ్చాను. ఆ రాత్రి చదివితే తెలిసింది, ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదట. ఈక లోపల కంటికి కనిపించనంత సన్నని గాలి గదుల అల్లిక ఉంటుంది. అది నీలికాంతిని మాత్రమే వెనక్కి చిమ్ముతుంది. ఈకను నూరి పొడి చేస్తే అల్లిక చెదిరిపోతుంది, నీలమూ పోతుంది.

ఇంత అందమైన పాలపిట్ట నోరు తెరిస్తే మాత్రం వినలేం, గరగరమని అరుపు. అదే చేలో వానలు పడ్డ రోజుల్లో భరతపిట్ట పైకి లేస్తుంది. రంగు చూస్తే మట్టిపెళ్ళ. కదలకుండా కూర్చుంటే కాలు మోపేదాకా కనిపించదు. ఆకాశంలోకి లేచిందంటే అది పాడే పాటకు కలుపు తీసే ఆడవాళ్ళు నడుము ఎత్తి చూస్తారు. మా అవ్వ అనేది, "దేవుడు పాలపిట్టకు పట్టుచీర కట్టాడు, భరతపిట్టకు గొంతు ఇచ్చాడు. రెండూ ఒకరికే ఇస్తే మిగిలినవాళ్ళు ఏం కావాలి?" అని. ఇంచుమించు ఇదే మాట డార్విన్ 1871లో రాశాడని చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మెరిసే రంగులూ గానశక్తీ ఒకదాని స్థానాన్ని ఒకటి భర్తీ చేస్తున్నట్టు కనిపిస్తాయని ఆయన అభిప్రాయం.

ఇది నిజమో కాదో ప్రపంచవ్యాప్తంగా తేల్చాలన్నది నా కోరిక. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల దాకా ఎక్కడ రంగు ఎక్కువ, ఎక్కడ పాట ఎక్కువ, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుందా? ముందు చిన్నగా 40 పక్షులతో ఒక పట్టిక వేశాను. పాటలు జెనో-కాంటో అనే వెబ్‌సైటులో అందరూ ఎక్కించిన రికార్డింగుల నుంచి తీసుకున్నాను. రంగులకు ఫోటోలు చూసి నేనూ హాస్టల్లో ఇద్దరు స్నేహితురాళ్ళూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేశాం. గ్రాఫు గీస్తే అవ్వ చెప్పినట్టే వచ్చింది. రంగు పెరిగేకొద్దీ పాట తగ్గుతోంది.

సంతోషంగా తీసుకెళ్ళి మా గైడ్ గారికి చూపించాను. ఐదు నిమిషాలు చూసి, "తప్పులు పునాదిలోనే ఉన్నాయి. ఏవో నువ్వే కనుక్కొని రా" అని తిరిగి ఇచ్చారు. రెండు వారాలుగా ఆ పట్టికనే చూస్తున్నాను. నా కంటికి అందడం లేదు. ఎక్కడ తప్పాను?

---

విశ్రాంత అధ్యాపకుడు, కర్నూలు

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈక మళ్ళీ మళ్ళీ ఎత్తి దించి చూశానన్నావే, అక్కడే నువ్వు పరిశోధకురాలివయ్యావు. ఇక తప్పు సంగతి.

నీ 40 పక్షుల్లో ఎవరెవరున్నారో రాయలేదు కానీ ఊహించగలను. రంగు వైపు పాలపిట్ట, నెమలి, రామచిలుక, లకుముకి ఉంటాయి. పాట వైపు భరతపిట్ట, నల్లంచి, కోయిల లాంటివి ఉంటాయి. అవునా? అలాగైతే నువ్వు పోల్చింది రంగునూ పాటనూ కాదమ్మా, వంశాలను.

ఒక ఊరికి వెళ్ళి, పొడుగువాళ్ళకు పొలం ఎక్కువ ఉంటుందా అని విచారించావనుకో. ఒకే ఇంటిపేరున్న పదిమంది అన్నదమ్ములు పొడుగ్గా ఉన్నారు, వాళ్ళకు తాతనాటి పొలం ఉంది. పదిమందినీ పది సాక్ష్యాలుగా రాసుకుంటే పొడుగుకూ పొలానికీ సంబంధం ఉన్నట్టే వస్తుంది. అక్కడ ఉన్నది పది సాక్ష్యాలు కావు, ఒక్క తాత. పక్షులకూ ఇంటిపేర్లున్నాయి. పక్షుల స్వరపేటిక గొంతులో కాదు, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉంటుంది, దాన్ని సిరింక్స్ అంటారు. గానపక్షుల శాఖలో దానికి ఎన్నో జతల కండరాలుంటాయి. పైగా ఆ శాఖ పిల్లలు పెద్దల పాట విని నేర్చుకుంటాయి. పాలపిట్ట ఆ శాఖది కాదు. నెమలీ కాదు. వాటికి ఆ వాద్యమే లేదు. వీణ లేని ఇంటివాణ్ణి వీణ వాయించలేదని, అందుకు కారణం వాడు కట్టుకున్న పట్టుపంచె అని తీర్మానించడం న్యాయమా?

ఇదే మాటకు మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. అనంతపురం వైపు వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగల్ని చూసే ఉంటావు. రెక్క వెనక భాగంలో గులాబీ రంగు, ముఖం నారింజ. పెద్దయ్యాక దాదాపు మౌనమే, ముక్కులు టపటపలాడించడం తప్ప. ఆ మౌనం గులాబీ రంగు పుణ్యం కాదు. ఇంగ్లీషులో స్టార్క్ అనే ఈ కొంగల వంశంలో దాదాపు అన్నీ అంతే.

గానపక్షుల్లోనే చూడు. వంగపండు పిట్టకు ఒళ్ళంతా బంగారం, గొంతు వేణువు. మా కాలేజీ వేపచెట్టు మీద వేసవిలో అది పలికితే పాఠం ఆపేసేవాణ్ణి. మీ అవ్వగారి లెక్కలో అది ఎక్కడ కూర్చుంటుంది?

ఇంకొకటి మరిచిపోకు. మగపక్షికి ఆడపక్షిని మెప్పించే దారులు రెండే కావు. 1990ల్లో పిల్లల్ని నందికొట్కూరు అవతల రోళ్ళపాడుకు తీసుకెళ్ళేవాణ్ణి. 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించిన గడ్డినేల అది. ఒక తెల్లవారుజామున మగ బట్టమేకపిట్ట గొంతు కింద సంచిని గాలితో నింపి, దాన్ని కాళ్ళ దాకా వేలాడదీసి నిలబడింది. లోతైన మూలుగు లాంటి శబ్దం వచ్చింది. చెవికంటే ముందు గుండెకు తగిలినట్టు అనిపించింది. అది పాట కాదు, రంగూ కాదు. వానాకాలంలో అదే గడ్డిలోంచి నేలనెమలి మగది నిలువునా పైకి ఎగిరి పడేది, మళ్ళీ ఎగిరేది, రోజుకు వందలసార్లు. ఎగురుడును ఏ గడిలో రాస్తావు? ఆ గడ్డినేలలో ఇప్పుడు ఆ మూలుగు వినిపించడం లేదు. ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అందుకే నీలాంటివాళ్ళు ఈ పని చేయాలని కోరుకుంటున్నాను.

---

కడప కుర్రాడు, ఇప్పుడు బెంగళూరు

మాస్టారు చెప్పిన ఇంటిపేర్ల సమస్యకు లెక్కల్లో మందు ఉంది. నేను గణాంకశాస్త్రం వాణ్ణి, పక్షులు సెలవు రోజుల వ్యాపకం. కాబట్టి నా వైపు నుంచి చెబుతాను.

బంధుత్వాన్ని లెక్కలోంచి ఎలా తీసివేయాలో 1985లో ఫెల్సెన్‌స్టీన్ చూపించారు. దానికి కావలసింది వంశవృక్షం. 2012లో జెట్జ్, ఆయన సహచరులు 9,993 జాతుల పక్షులకు వృక్షం కట్టి అందరికీ అందుబాటులో పెట్టారు. మీ 40 జాతుల పేర్లు ఇస్తే వాళ్ళ వెబ్‌సైటు వాటి వరకు కొమ్మలు కత్తిరించి ఇస్తుంది. పైసా ఖర్చు లేదు. శరీర కొలతలకు 2022లో వచ్చిన ఏవోనెట్ ఉంది, 11 వేల జాతులకు పైగా ముక్కు, రెక్క, తోక, బరువు అన్నీ ఉన్నాయి. ఇవి రెండూ లేకుండా గ్రాఫు గీయకండి.

శరీర కొలతలు ఎందుకంటారా? పెద్ద పక్షి గొంతు కిందిస్థాయిలో, చిన్న పక్షి గొంతు పైస్థాయిలో ఉంటుంది. తంబురాకూ ఈలకూ ఉన్న తేడా అది. పరిమాణాన్ని పక్కన పెట్టకపోతే మీకు దొరికే ప్రతి సంబంధం వెనకా బరువే దాక్కుని ఉంటుంది.

దీనికి ఒక చరిత్ర ఉంది. 1975లో మోర్టన్ పనామాలో చేసిన పరిశీలనలతో ఒక ఆలోచన బలపడింది. దట్టమైన అడవిలో ఆకులూ మానులూ పైస్థాయి శబ్దాన్ని చెదరగొడతాయి కాబట్టి అక్కడి పక్షులు కిందిస్థాయిలో, సాగదీసిన ఈలల్లో పాడతాయని. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2021లో మికులా బృందం 5,085 జాతుల పాటల పౌనఃపున్యాన్ని కొలిచి, బంధుత్వాన్నీ పరిమాణాన్నీ లెక్కలోకి తీసుకుని చూస్తే, ప్రపంచ స్థాయిలో ఆ ఆలోచనకు మద్దతు దొరకలేదు. బరువు ప్రభావం మాత్రం గట్టిగా నిలబడింది. జతకోసం జరిగే పోటీ తాలూకు జాడ కూడా కనిపించింది. ఆ 5,085లో ఎక్కువ భాగం మీరు వాడిన జెనో-కాంటో లాంటి ప్రజా భాండాగారం నుంచి వచ్చిందే. హాస్టల్ గదిలో కూర్చుని చేయలేని పని కాదని మీకు తెలియాలి, అందుకే చెబుతున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న, రంగూ పాటా ఒకదాన్ని ఒకటి తినేస్తాయా? దీన్ని వంశం లోపల పరీక్షించినవారు ఉన్నారు. 2002లో ఫించ్‌లలో ఒక శాఖ మీద బద్యేవ్, హిల్, వెక్‌వర్త్ చేసిన పని అవుననే చెప్పింది, రంగు హంగు ఎక్కువైన చోట పాట సాదాగా ఉంది. 2014లో మేసన్ బృందం దక్షిణ అమెరికా వైపు ఎక్కువగా ఉండే టానేజర్ల కుటుంబంలో 301 జాతులు తీసుకుని చూస్తే కాదని తేలింది. అక్కడ రంగూ పాటా దేని దారిన అది మారాయి. అంటే మీ అవ్వగారి మాట కొన్ని ఇళ్ళలో నిజం, కొన్ని ఇళ్ళలో కాదు. ఏ ఇంట్లో ఎందుకు నిజం అన్నదే మిగిలిన ప్రశ్న. "ప్రపంచమంతా ఒకటేనా" అన్న ప్రశ్న కంటే ఇది ఎంతో మంచి ప్రశ్న అని నా నమ్మకం.

అక్షాంశం గురించి ఒక హెచ్చరిక. 2022లో కూనీ బృందం ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో భద్రపరిచిన 4,500 జాతులకు పైగా పక్షులను అతినీలలోహిత కాంతితో సహా ఫోటోలు తీసి, ఉష్ణమండల పక్షుల్లో రంగుల వైవిధ్యం నిజంగానే ఎక్కువని చూపింది. అయితే ఆ ఎక్కువకు వెనక ఉన్నవి వాన, దట్టమైన అడవి, పండ్లూ తేనే తినే అలవాటు. అనంతపురం, కర్ణాటకలోని ఆగుంబే ఇంచుమించు ఒకే అక్షాంశాల మీద ఉన్నాయి. ఒకచోట మేఘం కోసం మెడలు నొప్పి పుట్టేలా చూస్తాం, రెండోచోట వాన ఆగదు. అక్షాంశం ఒక్కటే గడిలో రాసి, వాన రాయకపోతే రాయలసీమ పక్షులు మీ గ్రాఫులో అర్థం లేని చుక్కలవుతాయి. తేమ ఎక్కువైన చోట పక్షులు ముదురు రంగులో ఉంటాయని గ్లోగర్ 1833లోనే గమనించారు. మన గడ్డినేలల పిట్టలు ఇసుకరంగులో ఎందుకున్నాయో మీకు వేరే చెప్పాలా?

---

కూడేరు అమ్మాయి, అనంతపురం

మాస్టారూ, మీరు ఊహించిన జాబితా అక్షరాలా నా జాబితానే. చదువుతుంటే ముఖం వేడెక్కింది, ఆ వెంటనే పెద్ద బరువు దిగినట్టూ అనిపించింది. అన్నా, మీరు చెప్పిన వృక్షం తెచ్చుకున్నాను. 40లో గానపక్షులు 23 మిగిలాయి. బరువు తీసేసి మళ్ళీ గీస్తే, అంత అందంగా కిందికి దిగిన గీత దాదాపు అడ్డంగా పడుకుంది. రాత్రి ఒంటిగంటకు ఆ గీత చూసి ఒక్కదాన్నే చాలాసేపు కూర్చున్నాను. బాధగా లేదు. అవ్వ మాట తప్పని కాదు కదా, నేను అడిగిన తీరు తప్పు.

ఇప్పుడు రంగుల మార్కుల మీద అనుమానం మొదలైంది. మా హాస్టల్ డాబా మీద మందారం కుండీ ఉంది. దానికి మగ తేనెపిట్ట వస్తుంది. ఉదయం ఆరున్నరకు నీడలో అది నల్లగా ఉంటుంది. ఎనిమిదికి గోడ మీదుగా ఎండ పడ్డాక అదే పిట్ట మెడ తిప్పితే ఊదా, ఇటు తిప్పితే ఆకుపచ్చతో కలిసిన నీలం. నేను 2 మార్కులు వేశాను, నా స్నేహితురాలు 5 వేసింది. ఇద్దరం చూసింది ఒకే జాతిని, వేరే వేరే ఫోటోల్లో. పైగా జతకట్టే కాలం అయిపోయాక మగ తేనెపిట్ట ఆ మెరుపంతా వదిలేసి, ఛాతీ నడుమ నల్లని చార ఒక్కటి మిగుల్చుకుంటుంది. ఏ నెల ఫోటో తీసుకోవాలి? ఏ కన్ను నమ్మాలి?

---

పంతులమ్మ, ఆదోని

అమ్మాయీ, ఏ కన్ను నమ్మాలి అని అడిగావు. నీ కన్నూ వద్దు, నీ స్నేహితురాలి కన్నూ వద్దు. పిట్ట కన్ను కావాలి.

మన కంటిలో రంగును పట్టే కణాలు మూడు రకాలు, పక్షుల కంటిలో నాలుగు. అతినీలలోహిత కాంతి వాటికి ఒక రంగే. 2005లో ఈటన్ అనే పరిశోధకుడు, ఆడామగా ఒకేలా ఉంటాయని మనం అనుకునే 139 జాతుల ఈకలను యంత్రంతో కొలిచి పక్షి చూపు ప్రకారం లెక్కించాడు. వాటిలో నూటికి తొంభైకి పైగా జాతుల్లో ఆడదీ మగదీ పక్షులకు వేరువేరుగానే కనిపిస్తాయని తేలింది. ఫోటో చూసి వేసే మార్కు ఎంత దూరం పనికొస్తుందో దీన్నిబట్టి ఆలోచించు. మ్యూజియంలో ఒకే వెలుతురులో, ఒకే కోణంలో, క్యాలెండరు చూసి ఎంచిన నమూనాలతో కొలవడం అందుకే. ముంబైలో బొంబాయి సహజ చరిత్ర సంఘం దగ్గర పెద్ద సేకరణ ఉంది. ఉత్తరం రాసి అనుమతి అడగవచ్చు. అది కుదిరేదాకా ఇతరులు కొలిచి ప్రచురించిన రంగుల పట్టికలు వాడుకో, నీ మార్కులు చింపెయ్యి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే సంగతి. నీ పట్టికలో ఒక్కో పిట్టకు ఒక్కో వరుస ఉంది. ఆ వరుసలో ఉన్నది ఎవరు? తేనెపిట్ట అని రాసి మగదాని రంగు వేశావు. నల్లంచి అని రాసి మగదాని పాట వేశావు. ఆడది ఎక్కడ?

మా బడి వెనక గోడకు ఒక రాయి ఊడిపోయిన సందు ఉంది. ఏటా నల్లంచి జంట అందులో గూడు పెడుతుంది. మగది నల్లగా నిగనిగలాడుతూ గోడ మీద ఎక్కి తోక నిలబెడుతుంది, పిల్లలంతా దాన్నే చూస్తారు. ఆడది బూడిద కలిసిన గోధుమరంగు, గోడ రాయి రంగులో కలిసిపోతుంది. నోట్లో పురుగుతో వచ్చి, మనం చూస్తున్నామని తెలిస్తే సందులోకి పోకుండా దూరంగా వేపకొమ్మ మీద నిలబడుతుంది. ఎంతసేపైనా అంతే. గూడు ఎక్కడుందో చూపించకూడదు కదా. ఒకసారి గడియారం పెట్టి చూశాను, పదకొండు నిమిషాలు పురుగును మింగకుండా నిలబడింది. ఆ గోధుమరంగును "రంగు లేదు, 1 మార్కు" అని రాస్తామా? ఆ రంగుకు పని ఉంది.

2015లో డేల్ బృందం దాదాపు 6,000 జాతుల ఆడామగా రంగులను పోల్చింది. మగవాటి మధ్య పోటీ ఎక్కువైన వంశాల్లో మగది మెరవడం కంటే ఆడది మాసిపోవడమే బలంగా కనిపించింది. అంటే ఆడామగా తేడాలో కథ ఎక్కువ భాగం ఆడపక్షిది. పాట సంగతీ అంతే. 2014లో ఒడమ్, ఆమె సహచరులు ఆధారాలు దొరికిన 323 గానపక్షి జాతులను పరిశీలిస్తే నూటికి 71 జాతుల్లో ఆడపక్షులు పాడుతున్నాయి. గానపక్షుల మూల పూర్వీకుల్లోనే ఆడవి పాడి ఉంటాయని వారి నిర్ధారణ. డార్విన్ ఇంగ్లండులో చుట్టూ వింటున్నప్పుడు పాడేవి ఎక్కువగా మగవే. ఉష్ణమండలంలో పుట్టి ఉంటే అలా రాసేవాడా అని నాకు అనిపిస్తుంది. మనం పుట్టింది ఇక్కడే. నీ పట్టికను రెండుగా చీల్చు.

---

రైతు, బద్వేలు (లంకమల అంచున)

నేను చదివింది పదో తరగతి. పెద్ద లెక్కలు నాకు తెలియవు. కానీ చెల్లెమ్మ పట్టికలో ఎన్నటికీ రాని పిట్ట ఒకటి మా పక్కన ఉంది కాబట్టి రాస్తున్నాను.

కలివికోడి. 1848లో జెర్డన్ దొర లోకానికి తెలిపిన పిట్ట. 1900లో మీ అనంతపురం దగ్గర, పెన్నా లోయలో కనిపించిందన్నదే ఆఖరి కబురు. ఆ తర్వాత అంతరించిపోయిందనే అందరూ రాసుకున్నారు. 1986 జనవరిలో మా జిల్లాలో రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి సంఘం తరఫున భరత్ భూషణ్ గారు వెతుకుతున్న రోజుల్లో, స్థానికుడొకరు రాత్రి దీపం వెలుగులో పట్టుకొచ్చాడు. ఆ తర్వాతే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దానికోసం మార్చారు.

మా నాయన చెప్పేవాడు, పుస్తకాలవాళ్ళు అంతరించిపోయిందన్న ఆ ఎనభై ఏళ్ళూ ఇక్కడివాళ్ళకు ఆ పిట్టకు పేరు ఉందని. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. పేరు ఉందంటే పిట్ట ఉన్నట్టే కదా. మనల్ని అడిగినవాళ్ళు లేరు.

దాని రంగు గోధుమ, రొమ్ము మీద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు. పగలు పొద కింద కదలదు. చీకటి పడ్డాక కొద్దిసేపు మాత్రం రెండు ముక్కల కూత వేస్తుంది, మళ్ళీ నిశ్శబ్దం. దాన్ని వెతకడానికి వచ్చినవాళ్ళు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూసేవారు. కూతను వినిపించి జవాబు వస్తుందేమో అని ఆగేవారు. ఆ గంటలో నేను కూడా పొలం గట్టున చాలాసార్లు నిలబడ్డాను. పొద్దు కుంకాక ముందు కౌజులు ఆగిపోతాయి. తర్వాత పైడికంటెలు మొదలుపెడతాయి. తర్వాత దూరంగా లారీ. ఆ సందుల్లో చెవి నిక్కబొడుచుకుని నిలబడాలి. ఇప్పటికి నాకు వినపడలేదు.

నేను చెప్పేది ఏమిటంటే, రికార్డు చేసేవాళ్ళు తెల్లవారుజామున వస్తారు, రోడ్డు పక్కన దిగుతారు, గట్టిగా పాడేదాన్ని పట్టుకుంటారు. చీకట్లో రెండు ముక్కలు పలికేదానికి వరుస ఉండదు. మీ లెక్కలో పాడని పిట్ట వేరు, ఎవరూ వినని పిట్ట వేరు. రెండింటినీ సున్నా అని రాయకండి.

ఇంకొక మాట, ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్నది. నిరుడు ఒక రాత్రి వినని కూత ఏదో వినిపిస్తే ఫోనులో పట్టి, ఒక మిత్రుడికి సందేశంలో పంపాను. ఆనక ఫోను చెడిపోయి అసలుది పోయింది. పంపిన దాన్ని చూసినవాళ్ళు, సందేశంలో పంపేటప్పుడు శబ్దం నలిగిపోయింది, పై స్థాయి అంతా కొట్టుకుపోయింది, ఇది దేనిదో చెప్పలేం అన్నారు. అది ఏ పిట్టో నాకు ఈ జన్మలో తెలియదు. అసలు ఫైలును అలాగే దాచుకోండి.

---

కడప కుర్రాడు, ఇప్పుడు బెంగళూరు

అన్న చెప్పింది బంగారం. రెండు జోడింపులు. ఫోనులో రికార్డు చేస్తే శబ్దాన్ని నలపకుండా దాచే వేవ్ (WAV) ఫైలు రూపంలో చేయండి. మాటలు స్పష్టంగా వినిపించడానికి చుట్టూ ఉన్న శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు ఫోనుల్లో ఉంటుంది, దాన్ని ఆపేయండి. దాని దృష్టిలో పిట్ట పాట కూడా చెత్తే. రికార్డింగు చివర తేదీ, సమయం, ఊరు, ఏ పిట్ట, చూశారా విన్నారా, ఇవి మీ గొంతుతోనే చెప్పేయండి. కాగితం పోతుంది, ఆ గొంతు ఫైలు లోపలే ఉంటుంది.

జెనో-కాంటోలో యూరప్, అమెరికా ఖండాల రికార్డింగులు గుట్టలుగా ఉంటాయి. మన మూడు జిల్లాల పేర్లతో వెతికి చూడండి, ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. ప్రపంచ సరళి అని మనం చదివేదానిలో మన గుట్టల గొంతు ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది.

---

కూడేరు అమ్మాయి, అనంతపురం

మూడు వారాలు గడిచాయి. మీ అందరికీ జరిగింది చెప్పాలని రాస్తున్నాను.

పట్టిక చించేశాను. కొత్తది వేసి గైడ్ గారి దగ్గరికి వెళ్ళాను. ఒకే వంశం, పిగిలిపిట్టల కుటుంబం. ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ ఉంది, వాన అడవిలోనూ ఉంది, మన రాతిగుట్టల మీదా ఉంది. ఆడదానికి ఒక వరుస, మగదానికి ఒక వరుస. వాన ఒక గడి, బరువు ఒక గడి, ఎన్ని రికార్డింగులు విన్నామో ఒక గడి. ఎవరూ వినని చోట సున్నాకు బదులు "వినలేదు" అని రాశాను. బద్వేలు అన్నా, ఆ గడి మీది. గైడ్ గారు ఈసారి గంటసేపు కూర్చోబెట్టారు. ముంబైకి ఉత్తరం ఆయనే రాస్తానన్నారు.

ఆదివారం తెల్లవారకముందే నాన్న బండి మీద గుట్ట దగ్గర దించారు. కొండపిగిలి కోసం. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట, దానికి మా జిల్లా గుట్టలు పుట్టిల్లు. బండరాళ్ళ మధ్య రావిమొక్క మొలిచిన చోట కూర్చున్నాను. ఆరు పదికి రెండు వచ్చాయి. తల పసుపు కలిసిన ఆకుపచ్చ, గొంతు నిమ్మపండు పసుపు. రాయి మీద ఒకటి, మొక్క మీద ఒకటి. రాయి మీదది రెండడుగులు ముందుకు వచ్చి పలికింది. మొక్క మీదది వెంటనే పలికింది. మళ్ళీ ఇది, మళ్ళీ అది. గాలి లేదు. నాన్న కింద బండి ఆపేసి కదలకుండా నిలబడ్డారు. 47 సెకన్లు దొరికింది.

ఎంతసేపు చూసినా రెండింటికీ నా కంటికి వెంట్రుకవాసి తేడా కనిపించలేదు. వాటికి ఒకదానికొకటి ఎలా కనిపిస్తున్నాయో నాకు తెలిసే దారి ఇంకా లేదు. రికార్డింగు చివర తేదీ, సమయం, గుట్ట పేరు చెప్పి, "రెండూ కనిపించాయి, రెండూ పలికాయి, ఏది ఆడదో ఏది మగదో తెలియదు" అని చెప్పి ఆపేశాను. ఎక్కించేటప్పుడు ఆ గడిలో కూడా అదే రాశాను.

పంతులమ్మగారూ, గూడు కట్టే రోజుల్లో మీ నల్లంచి గోడ దగ్గరికి రావచ్చా? అనంతపురం నుంచి గుంతకల్లు మీదుగా ఆదోనికి రైలు ఉంది, ముందు రాత్రే వచ్చేస్తాను.

---

పంతులమ్మ, ఆదోని

అడగాలా తల్లీ. మా ఇల్లు బడికి పక్కవీధే. ముదురు రంగు బట్టలు వేసుకుని రా, తెల్లచున్నీ చూస్తే ఆడది కొమ్మ దిగదు.